పదకొండో నెల లెక్క

"ఎలాగూ ఏడాదంతా కావాల్సిందేగా, ఒకేసారి కట్టెయ్, రెండు నెలలు మిగుల్తాయి." సొంత వెబ్‌సైట్ పెట్టుకుని సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారికి ఈ సలహా ఇచ్చేవాళ్లు బయటెక్కడో ఉండరు, ఇంట్లోనే ఉంటారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బావమరిదో, అమెరికాలో ఉన్న బాబాయి కొడుకో, ఎవరో ఒకరు. మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఎస్ఈఓ టూల్స్, గూగుల్ యాడ్స్ టూల్స్ విషయంలో ఇంతకన్నా ఖరీదైన సలహా నాకు తెలియదు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందులో మిగులు గురించి ఉంది గానీ, దేంట్లోంచి మిగులు అన్న లెక్క లేదు. టూల్ మంచిదేనా అని అందరూ అడుగుతారు. పేరున్నవన్నీ మంచి టూల్సే, ఆ ప్రశ్నతో తేలేదేమీ లేదు. ఈ నెల ఈ టూల్ నా చేత ఏ నిర్ణయం మార్పిస్తుంది, ఆ మార్పు వల్ల చేతికొచ్చేది దాని అద్దెకన్నా ఎక్కువేనా అని అడగాలి. నా డబ్బు విషయంలో నేను కట్టుబడేది ఈ ప్రశ్నకే.

ముందు ఆ "రెండు నెలల మిగులు" సంగతి చూద్దాం. సెమ్‌రష్ అనే ఎస్ఈఓ టూల్ ప్రో ప్లాన్ 2025లో నెలకు 139.95 డాలర్లు. ఏడాదికి ఒకేసారి కడితే నెలకు 117.33 పడేది. విడివిడిగా 12 నెలలు కడితే 1,679.40 డాలర్లు, ఒకేసారి అయితే 1,407.96. తేడా 271.44. ఇంతవరకూ చూసి ఆగేవాళ్లకు ఏడాది ప్లాన్ ముద్దుగానే కనిపిస్తుంది. ఇప్పుడు 1,407.96ను 139.95తో భాగించండి. 10.06 వస్తుంది. అంటే పది నెలలు వాడి ఆపేసిన మనిషికి కూడా నెలవారీగా కట్టడమే చవక, ఎనిమిదిన్నర డాలర్లు తక్కువే అవుతుంది. పదకొండో నెల బిల్లు కట్టిన రోజు నుంచే ఏడాది ప్లాన్‌కు అర్థం. అలాంటిదే మరో టూల్ అహ్రెఫ్స్‌లోనూ ఏడాదికి కడితే రెండు నెలలు ఉచితం అంటారు కాబట్టి అక్కడా గీత పదో నెల దగ్గరే పడుతుంది. మూడు నెలలకోసారి ఒక్క నెల మాత్రం తీసుకుని, కావాల్సింది దించుకుని ఆపేసే వ్యాపారికి ఏడాదికి అయ్యేది 559.80 డాలర్లే. ఏడాది ప్లాన్‌తో పోలిస్తే 848.16 డాలర్లు తేడా. డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే 76,334 రూపాయలు. రెండు నెలల అద్దె మిగులుస్తానన్న సలహా ఆరు నెలల అద్దెకు సరిపడా సొమ్ము తీసుకుపోయింది.

డాలర్లలో కనిపించే ధర మన ఖాతాలోంచి పోయే ధర కాదు. 139.95 డాలర్లంటే 12,596 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 14,863. కార్డు మీద విదేశీ మారకం మార్కప్ 3.5 శాతం ఉందనుకుంటే మరో 520, ఆ మార్కప్ మీద జీఎస్టీ ఇంకో 94. మొత్తం 15,477 రూపాయలు. రెగ్యులర్ జీఎస్టీలో ఉన్నవాళ్లకు పన్ను భాగం ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది, అప్పుడు నికరంగా 13,116 దగ్గర ఆగుతుంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకూ, కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకూ ఆ క్రెడిట్ రాదు, వాళ్లకు 15,477 పూర్తి ఖర్చే. ఏడాదికి 1,85,724. ఇంకొక చిన్న సంగతి ఉంది, చాలామంది గమనించనిది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు మీద పదేపదే పడే చెల్లింపు 15,000 రూపాయల లోపు ఉంటే, మొదటిసారి అనుమతి ఇచ్చాక ప్రతి నెలా ఓటీపీ అడగరు. 2021 అక్టోబరులో నిబంధన అమల్లోకి వచ్చినప్పుడు ఈ హద్దు 5,000గా ఉండేది, 2022 జూన్‌లో 15,000కు పెంచారు. పన్నుతో కలిపి 14,863 రూపాయల బిల్లు సరిగ్గా ఆ హద్దు కిందుగా దూరిపోతుంది. చేతితో ఎంచి ఇవ్వాల్సి వస్తే పదిసార్లు ఆలోచించే మొత్తం, ఓటీపీ కూడా అడక్కుండా వెళ్లిపోతుంది.

ఇప్పుడు ఈ 15,477ను ఒక వ్యాపారం పక్కన పెట్టి చూడాలి. లెక్క కోసం ఆన్‌లైన్‌లో మంగళగిరి నేత చీరలు అమ్మే దుకాణం ఒకటి ఊహించుకుందాం. నెలకు 30,000 రూపాయలు గూగుల్ యాడ్స్ మీద పెడుతుంది. క్లిక్కుకు 8 రూపాయలు పడితే 3,750 మంది సైటుకు వస్తారు. వందకు 1.6 మంది కొంటే 60 చీరలు పోతాయి. నేతగాడికి ఇచ్చిందీ, కొరియరూ, ప్యాకింగూ పోను చీరకు 700 మిగిలితే 42,000. యాడ్స్ ఖర్చు తీసేస్తే నెల లాభం 12,000. ఇందులోంచి టూల్ అద్దె 15,477 తీస్తే లాభం పోయి 3,477 నష్టం మిగిలింది. అద్దె రాబట్టాలంటే చీరకు 700 చొప్పున నెలకు 23 చీరలు అదనంగా అమ్మాలి, అదీ యాడ్స్ ఖర్చు రూపాయి పెరగకుండా. 60 మీద 23 అంటే 38 శాతం పెరుగుదల, అదీ ప్రతి నెలా నిలబడాలి. అదే దుకాణం నెలకు మూడు లక్షలు యాడ్స్ మీద పెట్టి 600 చీరలు అమ్ముతుంటే, అవే 23 చీరలు నాలుగు శాతం కూడా కావు. పెద్ద వ్యాపారానికి నాలుగు శాతం మెరుగుదల తెచ్చే టూల్ బంగారం. చిన్న వ్యాపారాన్ని అదే టూల్ 38 శాతం అడుగుతుంది. కంపెనీ పేజీలో రెండు దుకాణాలకూ ధర ఒకటే రాసి ఉంటుంది, అందుకే చిన్నవాడికి తన భారం ఎంతో కనిపించదు.

చిన్న దుకాణానికి ఆ 38 శాతం మెరుగుదల అసాధ్యమని నేననను. కానీ అది దొరికే చోటు వేరు. మంగళగిరి అనే మాటనే తీసుకోండి. కీవర్డ్ టూల్ ఆ మాట పక్కన పెద్ద అంకె చూపిస్తుంది. ఆ మాట వెతికేవాళ్లలో పానకాల స్వామి దర్శనానికి వెళ్లేవాళ్లుంటారు, ఎయిమ్స్ ఓపీ వేళల కోసం చూసేవాళ్లుంటారు, గుంటూరు నుంచి బస్సు ఎప్పుడుందో కావాల్సినవాళ్లుంటారు. చీర కావాల్సినవాళ్లు అందులో కొందరే. ఆ మాటకు దగ్గరగా ఉన్న వెతుకులాటలన్నిటికీ యాడ్ చూపించే బ్రాడ్ మ్యాచ్ పెట్టి వదిలేస్తే మిగతావాళ్ల క్లిక్కులకూ 8 రూపాయలు పోతూనే ఉంటాయి. ఈ దుబారాను బయటపెట్టేది ఏ నెలవారీ అద్దె టూలూ కాదు, గూగుల్ యాడ్స్ ఖాతాలోనే ఉండే సెర్చ్ టెర్మ్స్ రిపోర్టు. ఏ మాట టైపు చేసినవాళ్ల కోసం మన డబ్బు ఎంత పోయిందో అందులో ఉంటుంది. వారానికి ఒక గంట కూర్చుని గుడి, దర్శనం, ఎయిమ్స్, బస్సు, ఉద్యోగాలు లాంటి మాటల్ని నెగటివ్ కీవర్డ్స్‌లో వేస్తే, వృథా అవుతున్న క్లిక్కుల సొమ్ము అసలైన కొనుగోలుదార్ల వైపు మళ్లుతుంది. 2020 నుంచి గూగుల్ తక్కువ సంఖ్యలో వచ్చే మాటల్ని ఈ రిపోర్టులో చూపించడం తగ్గించింది, అది నిజమైన లోటే. అయినా కనిపించే భాగంలోనే చిన్న దుకాణానికి నెలల తరబడి సరిపడా పని ఉంటుంది.

అద్దె టూల్స్ చూపించే అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా తెలిసి ఉండాలి. మన పోటీదారు సైటుకు నెలకు ఇన్ని వేల మంది వస్తున్నారని చూపిస్తే, అది ఆ సైటు లోపలి లెక్క కాదు. ఏ మాటకు ఎన్నో స్థానంలో ఉందో బయట నుంచి చూసి, ఆ మాటను ఎంతమంది వెతుకుతారో అంచనా వేసి, ఆ స్థానంలో ఉన్నవాళ్లకు సగటున ఎన్ని క్లిక్కులు వస్తాయో ఇంకో అంచనా వేసి, గుణించి ఇచ్చిన సంఖ్య అది. ఒకే సైటుకు రెండు టూల్స్ రెండు రకాల సంఖ్యలు చూపించేది అందుకే. డొమైన్ అథారిటీ అనేది మోజ్ కంపెనీ సొంతంగా తయారుచేసుకున్న మార్కు, గూగుల్ ర్యాంకింగ్‌లో దాన్ని వాడదు. అయినా ఆ మార్కు పెంచుకోవాలని లింకులు కొని, గూగుల్ స్పామ్ నిబంధనలకు దొరికిపోయేవాళ్లున్నారు. 2025 సెప్టెంబరులో గూగుల్ ఒకే పేజీలో వంద ఫలితాలు చూసే వీలు తీసేసింది. ర్యాంకులు చూపించే టూల్స్ ఒక్కసారి అడిగి తెచ్చుకునే సమాచారానికి పదిసార్లు అడగాల్సి వచ్చింది. ఈ టూల్స్ అన్నీ కిటికీ బయట నిలబడి లోపలికి చూస్తున్నవేనని ఆ ఒక్క మార్పుతో తెలిసిపోయింది. తెలుగు విషయంలో ఆ చూపు ఇంకా మసక. మనవాళ్లు ఒకే ప్రశ్నను తెలుగు లిపిలో టైపు చేస్తారు, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తారు, ఫోనుకు నోటితో చెబుతారు. గూగుల్‌వాళ్ల సెర్చ్ కన్సోల్ మాత్రం మన సైటుకు వచ్చినవాళ్లు ఏమని అడిగారో అడిగినట్టే చూపిస్తుంది, డబ్బులు తీసుకోకుండా. మరీ అరుదైన మాటల్ని గోప్యత కోసం దాస్తుంది, అంతే.

సెర్చ్ కన్సోల్ నా సైటు సంగతి చెబుతుంది గానీ పోటీదారు సంగతి చెప్పదు కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పోటీదారు ఏ యాడ్స్ వేస్తున్నాడో గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌లో, ఫేస్‌బుక్ యాడ్స్ అయితే మెటా యాడ్ లైబ్రరీలో ఎవరైనా చూడొచ్చు. వేలంలో మనతో ఎవరు ఎంత తరచుగా తగులుతున్నారో గూగుల్ యాడ్స్ ఖాతాలోని ఆక్షన్ ఇన్‌సైట్స్‌లో ఉంటుంది. వాళ్లకు ఎవరెవరు లింకులిచ్చారు, ఏ మాటలకు పైన కనిపిస్తున్నారు అన్నది మాత్రం పూర్తిగా తెలియాలంటే అద్దె టూల్ కావాల్సిందే. గూగుల్ యాడ్స్‌లోని కీవర్డ్ ప్లానర్ కూడా ఖర్చు తక్కువున్న ఖాతాలకు 1,000 నుంచి 10,000 లాంటి వెడల్పాటి హద్దులే చూపిస్తుంది. అందుకని ఒక నెల తీసుకోండి. తీసుకునే ముందే తెలుసుకోవాల్సినవి కాగితం మీద రాసుకోండి, మొదటి వారంలోనే దించుకుని షీట్లలో పెట్టుకోండి, ఆపేయండి. పోటీదారు లింకులు నెల నెలా తలకిందులు కావు.

ఎస్ఈఓ ఫలితం రావడానికి నెలలు పడుతుంది కాబట్టి ఏడాదంతా టూల్ ఉండాలన్న వాదన ఇంకోటి. మార్పులు చేసి ఫలితం చూడటానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్‌వాళ్లే చెప్పారు. కానీ ఆ నెలల్లో పనిచేసేవి మనం రాసిన పేజీలు, వాటిని చదివే గూగుల్. టూల్ ఆన్‌లో ఉన్నంత మాత్రాన ఆ కాలం ఒక్కరోజు తగ్గదు. ఫలితం కొలవడానికి సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్క దాచి ఉంచుతుంది, మూడు నెలలకోసారి దించుకుంటే అంతకు ముందుదీ మన దగ్గరే ఉంటుంది. పది మంది క్లయింట్లకు పనిచేసే ఏజెన్సీ సంగతి పూర్తిగా వేరు. వాళ్లకు 15,477 అంటే తలకు 1,548 మాత్రమే. రోజూ వాడతారు, పదకొండో నెల కచ్చితంగా దాటుతారు, ఏడాది ప్లానే తీసుకోవాలి. బావమరిది సలహా ఆయన పనిచేసే కంపెనీకి సరైనదే కావచ్చు, అక్కడ సరిపోయిన లెక్క దుకాణానికి సరిపోదు. టెలిగ్రామ్‌లో వందలకు దొరికే ఉమ్మడి లాగిన్ల జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు. అవి కంపెనీ నిబంధనలకు విరుద్ధం, పైగా వాటిని అమ్మేవాళ్లిచ్చే ఎక్స్‌టెన్షన్ మన బ్రౌజర్‌లో ఏం చదువుతుందో మనకు తెలియదు.

క్లిక్కులు అమ్ముకునే గూగుల్ ఇచ్చే అంకెల్నే నమ్ముకోమంటారా, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదా అన్నది అన్నిటికన్నా బరువైన అభ్యంతరం. గూగుల్ ఇచ్చేవాటిలో లెక్కలు వేరు, సలహాలు వేరు. ఏ మాటకు ఎంత పోయింది, ఎన్ని క్లిక్కులొచ్చాయి అన్నది లెక్క, దాన్ని మన ఆర్డర్ల పుస్తకంతో సరిచూసుకోవచ్చు. బడ్జెట్ పెంచండి, ఇంకా విశాలమైన మ్యాచ్ పెట్టండి, ఆప్టిమైజేషన్ స్కోరు పెంచుకోండి అన్నవి సలహాలు. అమ్మేవాడి సలహాను అమ్మేవాడి సలహాగానే వినాలి. యాడ్స్ నడిపిపెడతామనే బయటి టూల్స్‌లోనూ కొన్ని మనం పెట్టే ఖర్చు పెరిగే కొద్దీ తమ అద్దె పెంచుతాయి. ఖర్చు తగ్గించమని చెప్పే అవసరం వాటికీ లేదు. ఆ మాట చెప్పగలిగేది ఆర్డర్ల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్న యజమాని ఒక్కరే.

యాడ్స్ మీద నెలకు లక్ష రూపాయల లోపు పెట్టే దుకాణానికి ఏడాది ప్లాన్ వద్దు, ఇది నా కచ్చితమైన అభిప్రాయం. ఇప్పటికే ఎవరి మాటో విని కట్టేసినవాళ్లు పోయినదాని గురించి బాధపడుతూ కూర్చోకుండా, ఆటో రెన్యువల్ తేదీ చూసి ఈ రోజే ఆపేయండి. నెలవారీ కడుతున్నవాళ్లు కిందటి నెల ఆ టూల్ తెరిచి ఏ నిర్ణయం మార్చుకున్నారో ఒక వాక్యం రాయడానికి ప్రయత్నించండి. వాక్యం రాకపోతే బ్యాంకు మెసేజ్ కోసం చూడండి. కార్డులోంచి సొమ్ము పోవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు తెలియజేయాలి, ఆ చెల్లింపు వద్దనుకునే వీలు కూడా అందులోనే ఇవ్వాలి.