మూడొందల గజాలు

మూడొందల గజాలు అనగానే మన తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేది ప్లాటు. మియాపూర్లోనా మధురవాడలోనా, గజం ఎంత, రిజిస్ట్రేషన్ అయిందా. నాకూ అంతే. అందుకే ఓ సాయంత్రం మా ఆవిడ "మాకు మూడొందల గజాల్లో వాటా ఇచ్చారండీ" అంటే ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి చూశాను. అంతకుముందు నాలుగు నెలల్లో తనంతట తానుగా నాకు చెప్పిన మొదటి కబురు అదేనని తర్వాతెప్పుడో లెక్కేసుకుంటే తెలిసింది.

విషయమేంటంటే, ఇంగ్లండులో కౌన్సిళ్ళు కూరగాయలు పండించుకోడానికి చిన్న చిన్న మడులు అద్దెకిస్తాయి. అలాట్‌మెంట్ అంటారు. పాత లెక్కలో ఒక్కోటి పది రాడ్లు. గజాల్లోకి మారిస్తే 302 చిల్లర! (ఇలాంటి లెక్కలు చెయ్యకపోతే నాకు తోచదు.) ఆరుగురు ఓటర్లు కలిసి అర్జీ పెడితే కౌన్సిల్ పరిశీలించి తీరాలని 1908 చట్టంలోనే రాసుకున్నారు. పండినవి ముఖ్యంగా ఇంట్లో తినడానికే ఉండాలని 1922 చట్టం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో తిండికి కరువొచ్చి "గెలుపు కోసం తవ్వండి" అని ప్రచారం చేస్తే మడులు దాదాపు 14 లక్షలకి చేరాయట. ఇప్పుడు అందులో పావు వంతు కూడా లేవు. చాలా చోట్ల ఒక మడి కావాలంటే ఏళ్ళ తరబడి వరసలో ఉండాలి.

మా ఆవిడకి మడి రావడం మాత్రం డాక్టరు గుండా జరిగింది. పాప పుట్టినప్పుడు అత్తయ్యగారు వచ్చారు. విజిటర్ వీసా ఆర్నెల్లు. ఆవిడ వెళ్ళిపోయింది నవంబర్లో. ఇక్కడ నవంబరంటే నాలుగింటికే చీకటి. కాకినాడలో ఎనభైమంది పిల్లలకి కెమిస్ట్రీ చెప్పిన మనిషి, రోజంతా ఓ పసిపిల్లతో నాలుగు గోడల మధ్య. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి లైటు వేసుండేది కాదు. "ఏమైంది?" అంటే "ఏం లేదండీ". నేను అది నమ్మాను. నమ్మడం నాకు సుఖంగా ఉండేది కాబట్టి.

తర్వాత నమ్మడం మానేసి ఇంకో తప్పు చేశాను. దాన్ని ఒక బగ్ లాగా చూడ్డం మొదలెట్టాను. ఎండ లేక అలా ఉందేమో అని లైట్ బాక్సు కొన్నాను. జిమ్ములో చేర్పించాను. వారానికి కనీసం మూడు నడకలు అని ఎక్సెల్ షీటు ఒకటి. ఓ రాత్రి తను మెల్లిగా అంది: "మీరు నన్ను రిపేరు చేస్తున్నారు గానీ నాతో మాట్లాడట్లేదండీ." ఆ షీటు ఇంకా డిలీట్ చెయ్యలేదు, సిగ్గు కోసం ఉంచుకున్నాను.

డాక్టరు మందు రాశారు, కౌన్సెలింగ్ కోసం పేరు రాయించారు, అదొచ్చేలోపు ఒకరితో మాట్లాడమన్నారు. ఇక్కడ 2019 నుంచి డాక్టర్ల దగ్గర లింక్ వర్కర్లని పెడుతున్నారు. మందుతో తీరని ఒంటరితనం లాంటివాటికి ఊళ్ళో ఏముందో చూసి కలుపుతారు. ఆమె చెప్పిందే ఈ ఆడవాళ్ళ మడి. గురువారం గురువారం పదిమంది కలిసి చేసుకుంటారు. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు. మగవాళ్ళకి ప్రవేశం లేదు, మోత పనులున్న శనివారాలు తప్ప :)

నేను మొదటిసారి వెళ్ళింది అలాంటి శనివారమే. పేడ ఎరువు తొయ్యడానికి. అదేదో పువ్వుల తోటలా ఉంటుందనుకున్నా. బంకమట్టి, గరికలాంటి పీచు కలుపు, గుల్లల్లేని నత్తలు. అటువైపు మడిలో ముదురెరుపు కాండాలతో తోటకూర! జమైకా పెద్దావిడ ఒకామె అది కలాలూ అంది. సిల్హెట్ అమ్మాయి, కాదు ఇది డాటా అంది. (నా వృత్తి తెలిసే అందేమోనని ఒక్క క్షణం అనుమానమొచ్చింది.) మా ఆవిడ కాండం విరిచి, పీచు తీసి చూపిస్తూ, పులుసు ఎలా పెడతారో ఇంగ్లీషులో చెబుతోంది. గొంతు పైకి లేచింది. చివరి బెంచీకి వినపడేట్టు చెప్పే ఆ గొంతు నేను పెళ్ళైన కొత్తలో విన్నాను. తోపుడుబండి పట్టుకుని అలాగే నిలబడిపోతే పెద్దావిడ "ఎరువు దానంతటదే నడవదు బాబూ" అని కేకేసింది.

ఇంటికొచ్చి నేను చేసే పని చేశాను, పరిశోధనలు వెతికాను. నెదర్లాండ్స్‌లో చేసినది ఒకటి 2011లో అచ్చయింది. ముప్పైమందికి ముందు ఒత్తిడి కలిగించే పని ఇచ్చి, తర్వాత సగంమందిని అరగంట తోటపనికి, సగంమందిని లోపల కూచుని చదువుకోడానికి పంపారు. కార్టిసోల్ ఇద్దరికీ తగ్గింది, తోటలో వాళ్ళకి ఎక్కువ తగ్గింది. బావుంది. కానీ ఆ ముప్పైమందీ ముందునుంచే మడులున్నవాళ్ళు. చేపని నీళ్ళలో వేస్తే కుదుటపడిందన్నట్టుంది నాకు.

నా ఉద్దేశం వేరు. మట్టిలో మహత్తు ఉంటే ఉండొచ్చు, కానీ మా ఇంట్లో పనిచేసింది గురువారం. తను రాకపోతే ఎందుకు రాలేదని అడిగే తొమ్మిదిమంది. ఎలా ఉన్నావని మొహంలోకి చూసి అడగరు, కలుపు తీస్తూ పక్కకి చూస్తూ అడుగుతారు. అలా అడిగితే చెప్పడం తేలికట. ఇంకో మాట కూడా చెప్పాలి. దీన్ని చూపించి "మడి ఉందిగా, కౌన్సెలింగ్ ఎందుకు" అనే రోజు వస్తుందేమోనని నాకు భయం. పార చవకే, మనస్తత్వ వైద్యుడు చవక కాదు. మా ఆవిడ ఆ మందు మానలేదు, కౌన్సెలింగుకి ఇప్పటికీ వెళ్తోంది. చెడ్డరోజులు ఇంకా వస్తాయి. వసంతం నుంచి రావడం మానేసిన ఒకామె మడిని మిగతావాళ్ళు ఇంకా కలుపు తీసి ఉంచుతున్నారు. ఆమె వస్తుందో లేదో ఎవరికీ తెలీదు.

అన్నట్టు గోంగూర సంగతి. అత్తయ్యగారు ఫోన్లో వారం వారం అడుగుతారు. బయట వేస్తే చలికి చచ్చింది. వంటింటి కిటికీలో పెడితే సెప్టెంబరుకి పదకొండు ఆకులు. పచ్చడికి చాలవు, తుంచడానికి మనసొప్పదు.

మొన్న గురువారం పొద్దున్నే జోరువాన. ఇవాళ వెళ్ళకులే అన్నాను. పాపకి ప్లాస్టిక్ కవరు కప్పి, నా రెయిన్‌కోటు తను వేసుకుని వెళ్ళిపోయింది. నేను తడుస్తూ ఆఫీసుకెళ్ళాను.