ఏ ఊళ్లో కాపురము?

మన పల్లెల్లో ఒకరికి ఉద్యోగము వచ్చిందంటే మొదటి దినము ఇంటిల్లిపాదికీ సంతోషమే. ఇరుగుపొరుగుకు మిఠాయి పంచుతాము, ఆదివారము కృతజ్ఞతార్పణ ఇస్తాము. రెండవ దినము నుండి ఒక ప్రశ్న ఇంట్లో కూర్చుంటుంది. కాపురము ఏ ఊళ్లో పెట్టాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ మా కుటుంబము చేసిన మూడు దినముల ప్రయాణము గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది కలకడ. పీలేరు నుండి రాయచోటికి పోయే దారిలో ఉన్న మండల కేంద్రము. 2022 ఏప్రిల్‌లో అన్నమయ్య జిల్లా ఏర్పడేవరకు మేము చిత్తూరు జిల్లావారము. మా తమ్ముడు ఇన్నేళ్లుగా రెండెకరాల్లో టమోటా పెట్టి బ్రతికాడు. టమోటా సంగతి మీకు తెలియనిదా? 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో ధర 200 రూపాయల దగ్గరకు పోయింది. అదే టమోటాను కోత కూలి కూడా రాక రోడ్డు ప్రక్కన పారబోసిన సంవత్సరములూ ఉన్నాయి. అప్పులతో విసిగి వాడు బిందుసేద్యపు పైపులు అమర్చే ఒక కంపెనీలో పనికి కుదిరాడు. జీతము నెలకు 22 వేలు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము చుట్టుపక్కల పల్లెలన్నీ తిరగాలి. "మూడు ఊళ్లలో నీకు నచ్చిన చోట ఉండు" అన్నారు కంపెనీవారు.

వాని ఇంట్లో ఐదుగురు. వాడు, మా మరదలు, తొమ్మిదవ తరగతి చదివే పాప, మూడవ తరగతి బాబు, మా అమ్మ. అమ్మకు డెబ్బై దాటాయి. ఆయాసము ఉంది, షుగరు ఉంది. "అన్నా, నువ్వు ఏ ఊరంటే ఆ ఊరే" అన్నాడు తమ్ముడు. పెద్దవాడినని, పాస్టరునని వాడికి నామీద అంత నమ్మకము. ఆ నమ్మకము చూసి నాకు భయము వేసింది. ఎందుకో చెబుతాను.

పన్నెండేళ్ల క్రిందట నన్ను వేరొక ఊరి సంఘమునకు బదిలీ చేశారు. నేను ఒక్కడినే వెళ్లి ఇల్లు చూశాను. మందిరము దగ్గర, బస్సు దగ్గర, అద్దె తక్కువ. ఇంకేమి కావాలి? సామాను లారీలో వేయించి భార్యాబిడ్డలను తీసుకొని వెళ్లాను. ఆ వీధిలో పగలు అన్నీ మూసిన దుకాణాలూ గోడౌన్లే. మంచినీళ్లకు చాలా దూరము పోవాలి. ఆమె రెండేళ్లు ఏమీ అనలేదు. ఒక రాత్రి మాత్రము, "మీరు ఊరంతా తిరిగి వస్తారు. నాకు ఈ నాలుగు గోడలే ఊరు" అన్నది. ఇతరుల కుటుంబములకు బుద్ధి చెప్పే నేను నా ఇంట్లో అడగవలసిన ఒక్క మాట అడగలేదు.

అందుకే ఈసారి తమ్ముడితో, "నేను నిర్ణయము చేయను. మరదలు, అమ్మ కూడా బయలుదేరితేనే వస్తాను" అన్నాను. పిల్లలను నా భార్య దగ్గర ఉంచి, చద్ది కట్టుకొని నలుగురము బయలుదేరాము.

కలికిరి, వాయల్పాడు మీదుగా మదనపల్లె చేరాము. సముద్రమట్టమునకు దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న పట్టణము. బస్సు దిగగానే గాలిలో తేడా తెలుస్తుంది. నిజము చెప్పాలంటే, నా మనస్సు ముందే ఈ ఊరి మీద ఉంది. 1915లో అనిబిసెంటమ్మ స్థాపించిన కళాశాల ఇక్కడ ఉంది. రవీంద్రనాథ్ ఠాగూరు 1919లో ఆ కళాశాలకు వచ్చినప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. ఆర్కాటు మిషను వారైన జేకబ్ చేంబర్లేన్ దొర 1863లో వచ్చి ఇక్కడ సేవ ప్రారంభించి, 1908లో ఇక్కడే కన్నుమూశారు. తెలుగు బైబిలు సవరణలో కూడా ఆయన శ్రమ ఉంది. ఇటువంటి ఊళ్లో తమ్ముడుంటే నేను వచ్చిపోవడానికి బాగుంటుందని నా ఆశ.

అమ్మ ఆయాసము సంగతి అడగడానికి ఆరోగ్యవరము వెళ్లాము. ఆ స్థలము చరిత్ర మన ప్రశ్నకు దగ్గరిదే. క్షయకు మందు కనిపెట్టని కాలములో అనేక మిషన్లు కలిసి దక్షిణ దేశములోని క్షయరోగుల కొరకు ఒక శానిటోరియం కట్టాలనుకున్నాయి. అప్పట్లో మంచి గాలి, విశ్రాంతి, మంచి ఆహారమే చికిత్స. ఊపిరి ఆడనివారికి ఏ గాలి సరిపోతుందో చూసి ఈ పొడి గాలి ప్రాంతమును ఎంచుకున్నారు. 1915లో ఇక్కడ తలుపులు తెరిచారు. క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ అనే డెన్మార్కు డాక్టరుగారు దాని మొదటి పెద్ద. 1948లో మన దేశములో బీసీజీ టీకాలు మొదలుపెట్టింది కూడా మదనపల్లెలోనే. చెట్ల నీడలో అమ్మను కూర్చోబెట్టి నేను ఇదంతా చెబుతుంటే, మా మరదలు నెమ్మదిగా, "అయితే రోగిని చూసి ఊరిని ఎంచుకున్నారన్నమాట" అన్నది. ఆ మాట నాలో నిలిచిపోయింది.

సాయంత్రము వరకు ఇళ్లు చూశాము. రెండు గదుల ఇంటికి 8 వేలు అద్దె, 50 వేలు అడ్వాన్సు అడిగారు. మాకు అందిన ధరకు దొరికినవి రెండవ అంతస్తులో ఉన్నాయి. అమ్మ మొదటి పది మెట్లెక్కి, గోడ పట్టుకొని నిలబడిపోయింది. పైకి వెళ్లి చూడవలసిన అవసరము లేకపోయింది.

మరునాడు దక్షిణముగా బయలుదేరాము. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పము, ఈ నాలుగింటినీ 42వ నెంబరు జాతీయ రహదారి ఒక దండలాగా గుచ్చుతుంది. మదనపల్లె నుండి కుప్పమునకు సుమారు వంద కిలోమీటర్లు. పుంగనూరులో బస్సు కాసేపే ఆగింది. తమ్ముడు తల బయటపెట్టి చూసి, "ఇక్కడేముందన్నా?" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

పలమనేరు దాటిన తరువాత అడవి మొదలైంది. 1980లలో పొరుగు రాష్ట్రముల అడవుల నుండి ఏనుగులు ఇటు వచ్చి నిలిచిపోయాయి. వాటి కొరకే 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పాటైంది. చెరకు, అరటి వేసిన రైతులు రాత్రులు కాపలా కాయడము ఈ ప్రాంతములో మామూలు మాట.

కుప్పము తమ్ముడికి ఎంతో నచ్చింది. మూడు రాష్ట్రములు కలిసే చోటు. బజారులో ఒకే మనిషి తెలుగులో బేరమాడి, తమిళములో నవ్వి, కన్నడములో చిల్లర అడగడము విన్నాము. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయము ఉంది. వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. బెంగళూరుకు రైలు ఉంది, రోజూ రైలెక్కి పనికి పోయివచ్చేవారు ఎందరో. ఇజ్రాయెల్ పద్ధతి బిందుసేద్యమును 1990లలో మన రాష్ట్రములో పెద్దగా చేసి చూపించింది ఇక్కడే. 2025 ఆగస్టులో హంద్రీ నీవా కాలువ నీళ్లు కూడా ఇంత దూరము చేరాయి. పైపుల పని చేసేవానికి ఇంతకంటే ఏమి కావాలి? "అన్నా, ఇక్కడే" అన్నాడు. వాని కళ్లలో చాలా కాలము తరువాత వెలుగు చూశాను.

ఇల్లు కూడా దొరికింది. నేలమీద ఇల్లు, 5 వేలు అద్దె. అంతా కుదిరినట్టే ఉంది. అప్పుడు అమ్మ నా చేయి పట్టుకొని అడిగింది.

"నాయనా, ఈడ్నించి కలకడకు బస్సు ఎన్నింటికి ఉండాది?"

తిన్నగా బస్సు లేదని, రెండు మూడు మారాలని, పొద్దున బయలుదేరితే చీకటిపడేసరికి చేరవచ్చునని చెప్పాను. ఆమె తల ఊపింది. కొంచెము సేపాగి, "మీ నాయన ప్రక్కన చోటు ఉండాది కదా. ఆ చోటికి దూరమైపోతానేమోనని అడిగినాను, అంతే" అన్నది.

మేమిద్దరము కొడుకులము ఏమీ మాట్లాడలేకపోయాము. మా నాయన సమాధి కలకడలోనే ఉంది. ఏటా సమాధుల పండుగకు అమ్మే సున్నము కలిపి వేస్తుంది. మా లెక్కల్లో జీతము ఉంది, అద్దె ఉంది, రైలు ఉంది. ఇది లేదు.

ఆ రాత్రి కుప్పములో ఒక విశ్వాసి ఇంట్లో బస చేశాము. ప్రార్థన అయిన తరువాత మా మరదలు, "బావగారూ, ఒక మాట చెప్పవచ్చునా?" అన్నది. చెప్పమన్నాను. "ఆయనకు ఏ ఊరైనా ఒకటే, పగలంతా బండి మీదే ఉంటారు. ఇంట్లో ఉండేది నేను, అత్తమ్మ, పిల్లలు. రేపు పోతూ పుంగనూరులో ఒక పూట దిగుదామా?"

ఆమె తన భర్త ఎదుట అంత తిన్నగా మాట్లాడడము నేను ఎన్నడూ వినలేదు. తమ్ముడు కొంచెము చిన్నబుచ్చుకున్నాడు. నాకు మాత్రము లోతు గుర్తుకు వచ్చాడు. పచ్చని మైదానము చూసి ఊరు ఎంచుకున్నాడు గాని, ఆ ఊరి మనుషులను చూడలేదు. భార్యను అడిగినట్టు కూడా ఎక్కడా లేదు.

మూడవ దినము పుంగనూరులో దిగాము. ఒకప్పటి జమీందారుల ఊరు. రైలు లేదు, పెద్ద కళాశాలల హడావిడి లేదు. ఈ ఊరి పేరు దేశమంతటా మోసింది ఒక చిన్న ఆవు. మూడడుగుల ఎత్తు కూడా ఉండదు. మామూలు ఆవు పాలలో వెన్న మూడు నాలుగు శాతముంటే దీని పాలలో ఎనిమిది శాతము దాకా ఉంటుందని చెబుతారు. ఆ జాతిని పలమనేరు పరిశోధనా కేంద్రములో కాపాడుతున్నారు.

మరదలు ముందు నడిచింది, మేము వెనుక నడిచాము. ఆమె ఇంటి యజమానిని అద్దె అడగకముందే ప్రక్కింటి స్త్రీని అడిగింది. కుళాయి నీళ్లు ఎన్నాళ్లకొకసారి వస్తాయి? పాప నడిచి పోగలిగిన హైస్కూలు ఎంత దూరము? రాత్రిపూట ఆటో దొరుకుతుందా? మిషను మీద రవికలు కుడితే కుట్టించుకునేవారు ఉన్నారా? ఆ స్త్రీ జవాబులు చెబుతూనే లోపలి నుండి పీట తెచ్చి అమ్మకు వేసింది. పది నిమిషములలో ఇద్దరూ మోకాళ్ల నొప్పుల సంగతిలో పడ్డారు. నేలమీద ఇల్లు, అద్దె 4 వేలు. మదనపల్లె ఆసుపత్రులకు గంటలోపు ప్రయాణము. కలకడకు పొద్దున బయలుదేరితే మధ్యాహ్నమునకు చేరవచ్చు. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రములో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్టు లేదు గనుక ఆ ప్రయాణమునకు అమ్మ కొడుకు ముందు చేయి చాపనక్కరలేదు.

తమ్ముడు చాలాసేపు అరుగు మీద కూర్చున్నాడు. చివరకు లేచి, "కుప్పము పని వారానికి రెండు దినములు పెట్టుకుంటాను. ఒక రాత్రి అక్కడే పడుకుంటాను" అన్నాడు. వాడు తన ఆశను ప్రక్కకు పెట్టిన చప్పుడు ఆ మాటలో నాకు వినిపించింది. నా మదనపల్లె ఆశను కూడా నేను అక్కడే విడిచిపెట్టాను.

అంతా సుఖముగా జరిగిందని చెప్పను. వెళ్లిన రెండవ నెలలో ఒక రాత్రి అమ్మకు ఆయాసము ఎక్కువైంది. ఆటోలో మదనపల్లె చేరేవరకు మరదలు ఆమెను ఒడిలో పట్టుకొని కూర్చున్నదట. ఆ వార్త విన్నప్పుడు, మదనపల్లెలోనే పెట్టి ఉండవలసిందేమో అని నా మనస్సు నన్ను నిలదీసింది. దేవుని కృప వలన తేరుకున్నది. పాప పదవ తరగతి తరువాత చదువుకు మదనపల్లె బస్సెక్కవలసిందే. మూడు ఊళ్లలో ఏది ఎంచుకున్నా ఏదో ఒకటి విడువక తప్పదు. విడిచేది ఎవరి వంతు అన్నదే చూడవలసినది.

ఈ వేసవిలో మీలో ఎవరైనా ఇటువంటి ప్రయాణము చేయబోతుంటే, మా అనుభవము నుండి కొన్ని సంగతులు. క్రొత్త ఊరిని ఒక్క పూట చూసి తిరిగి రావద్దు. తెల్లవారి నీళ్లు పట్టే వేళ ఒకసారి, దీపాలు పెట్టిన తరువాత ఒకసారి ఆ వీధిలో నడవండి. అద్దెతో పాటు అడ్వాన్సు, బస్సు, నీళ్ల ఖర్చు కూడా కలిపి లెక్క వేయండి. మొదటి సంవత్సరము సొంత ఊరి ఇల్లు అమ్మవద్దు. అన్నిటికంటె ముందు, సంపాదించడానికి బయటికి పోయేవానిని గాక, రోజంతా ఆ ఇంట్లో ఉండిపోయేవారిని అడగండి. వారు వెంటనే చెప్పకపోవచ్చు. నా భార్యకు రెండేళ్లు పట్టింది.

మా అమ్మ ఇప్పుడు నెలకొకసారి బస్సెక్కి కలకడ వస్తుంది. ఆదివారము ఆరాధన అయిన తరువాత నాయన సమాధి దగ్గర కాసేపు కూర్చుంటుంది. తిరిగి పోయేటప్పుడు ఎదురింటివారు, "ఏమ్మా, అప్పుడే ఎక్కడికి?" అని అడుగుతారు.

"ఇంటికి" అంటుంది. మొన్న మొదటిసారి ఆ మాట విన్నాను.