కాలువ గట్టున రెండు రోజులు

కరోనా కాలంలో మేము చేసిన ఒక ప్రయాణమును గురించి వ్రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాము. అది పెద్ద ప్రయాణమేమీ కాదు. రాజమండ్రి నుండి ఆత్రేయపురం దాటి ఒక చిన్న పల్లెకు సైకిళ్ళమీద శనివారం వెళ్ళి, ఆదివారం తిరిగి వచ్చాము. అయినా ఆ రెండు రోజుల్లో ప్రభువు మాకు నేర్పిన సంగతి, మా వంటి కుటుంబాలకు ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాము.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైన సంగతి మీకు తెలుసు. ఆ ఏడు ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగను ఇంట్లోనే, ముగ్గురమే, తలుపులు వేసుకుని ఆచరించాము. జూన్ 8 తరువాత ప్రార్థనా మందిరములు తెరుచుకోవచ్చునన్నారు గాని, మా ప్రాంతంలో వ్యాధి అప్పుడే ముదిరింది. ఆగస్టు నెలలో మాస్టారు ప్రభువునందు నిద్రించారు.

మాస్టారు ఆ పల్లెలో బడిపంతులుగా పనిచేసి, సాయంత్రములు సైకిలు మీద చుట్టుపక్కల పేటలకు వెళ్ళి సండేస్కూలు పిల్లలకు పాటలు, వాక్యము నేర్పేవారు. మా వివాహము కుదిర్చినది వారూ, అమ్మగారే. అలాంటి మనిషిని ఆసుపత్రి నుండి నేరుగా సమాధుల తోటకు తీసుకువెళ్ళారు. దగ్గర నిలువగలిగినది నలుగురే. మేము వెళ్ళలేదు. ఆ రోజు వెళ్ళే వీలు లేదు, నిజమే. కాని రెండు నెలల తరువాత దారులు తెరుచుకున్నాయి. అప్పుడూ వెళ్ళలేదు. మొదట భయము, తరువాత సిగ్గు. ఒకసారి ఫోను చేశాము. అమ్మగారు ఏడుస్తుంటే ఏమి చెప్పాలో తెలియక పెట్టేశాము. మళ్ళీ చేయలేదు.

2021 జనవరి వచ్చింది. కేసులు తగ్గాయి. 16వ తేదీన టీకాలు వేయడం మొదలుపెట్టారు. ఇంటరు చదువుతున్న మా అమ్మాయి నెలల తరబడి ఫోనులో పాఠాలు వింటూ వాడిపోయింది. "నాన్నా, ఎక్కడికైనా సైకిలు మీద వెళదాం" అంది. బస్సు ఎక్కడానికి ఇంకా భయమే గనుక మాకూ ఆ మాట నచ్చింది. ఎక్కడికమ్మా అని అడిగితే, "మాస్టారు తాతగారింటికి" అంది. మేమిద్దరము ఒకరి ముఖము ఒకరు చూసుకున్నాము.

23వ తేదీ శనివారం తెల్లవారుజామున ప్రార్థన చేసుకుని బయలుదేరాము. అమ్మాయిది తొమ్మిదో తరగతిలో బడిలో ఇచ్చిన సైకిలు. మా రెండూ పక్కింటివారిని అడిగి తెచ్చుకున్నవి. మాస్కులు, మంచినీళ్ళ సీసాలు, చపాతీలు, గాలికొట్టే పంపు వెంట ఉన్నాయి. ధవళేశ్వరము చేరేసరికి గోదావరి మీద మంచు ఇంకా విడలేదు.

అక్కడ కాసేపు ఆగి అమ్మాయికి కాటన్ దొరగారి సంగతి చెప్పాము. 1847లో ఆయన ఈ ఆనకట్ట పని మొదలుపెట్టించారు. మధ్యలో ఆరోగ్యము చెడి సెలవు మీద వెళ్ళవలసి వస్తే, ఆర్ అనే మరొక అధికారి పని నడిపించారు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. అంతకుముందు కరవుతో, తుఫానులతో అల్లాడిన ఈ నేల ఆ తరువాత అన్నపూర్ణ అయింది. వేలమంది కూలీలు రాళ్ళు మోసిన రోజులవి. 1836లో ఇంగ్లండు నుండి వచ్చి నర్సాపురములో పరిచర్య చేసిన విలియం బౌడెన్, జార్జి బీర్ అనే దైవసేవకులు ఆ కూలీల మధ్య కూడా సువార్త చెప్పారు. ఈ గోదావరి ప్రాంతపు సంఘములలో అనేకము వారి ప్రయాసకు ఫలములే.

ఇప్పుడు మనము చూసేది పాత ఆనకట్ట స్థానంలో 1970 తరువాత కట్టిన బ్యారేజి. నాలుగు భాగములకు కలిపి 175 గేట్లు. బస్సులో వెళితే అవి ఒక్క పరుగున వెనక్కు పోతాయి. సైకిలు మీద అలా కాదు. ధవళేశ్వరం భాగములో 70, పిచ్చుకలంక దాటాక ర్యాలి భాగములో 43 అని మా అమ్మాయి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఇసుక తిన్నెలమీద కొంగలు, దూరాన వల విసురుతున్న పడవ, వీటిని ఇన్నేళ్ళలో ఎన్నడూ నిలిచి చూడలేదు గదా అనుకున్నాము.

బొబ్బర్లంక నుండి దారి కాలువ వెంట పోతుంది. ఒకవైపు నిండుగా పారే నీరు, మరొకవైపు దాళ్వా నాట్లు. ముఖాలకు గుడ్డలు కట్టుకుని స్త్రీలు వరుసగా వంగి నాట్లు వేస్తున్నారు. ఎండ తగలకుండా వారు ఎప్పుడూ కట్టుకునేదే. ఆ ఏడు మాత్రం అందరమూ ఒకేలా ఉన్నాము. కొబ్బరి చెట్ల నీడ, అరటి తోటల చల్లదనము. కాళ్ళు నొప్పి పుట్టినా మనస్సు తేలికపడింది. అయితే పల్లె దగ్గరపడేకొద్దీ మా మాటలు తగ్గిపోయాయి.

ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాము. ఒక ఇంటి వసారాలో వాటిని తీస్తుంటే అమ్మాయి నిలబడి చూసింది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పలుచని బియ్యపు పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే, కాగితము కంటె పలుచని రేకు వస్తుంది. "పెళ్ళిళ్ళు ఆగిపోయాక ఆర్నెల్లు పొయ్యి వెలిగించలేదండి. ఇప్పుడిప్పుడే అడుగుతున్నారు" అన్నది ఆ తల్లి.

లొల్ల లాకులకు ఇవతల, కాలువ గట్టునే అమ్మగారి ఇల్లు. వాకిట్లో సైకిళ్ళు ఆపి, లోపలికి వెళ్ళకుండా, "వందనాలు అమ్మగారూ" అన్నాము. ఆమె అరుగు మీదికి వచ్చి, మాస్కులలో ఉన్న మమ్మును పోల్చుకోలేక ఒక క్షణము చూశారు. "మీరా బాబూ! రామ్మా, రా తల్లీ" అని చేతులు చాపి, వెంటనే వెనక్కు తీసుకున్నారు. అందరమూ ఎడంగా అరుగు మీద కూర్చున్నాము. చాలాసేపు ఎవరమూ మాటాడలేదు. చివరికి, "అమ్మగారూ, మేము రాలేదు. క్షమించండి" అన్నాము.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, "రాలేదని నాకు కోపం లేదు బాబూ. ఆ రోజు నా కన్నబిడ్డలే రాలేకపోయారు. తరువాతైనా ఫోను చేసి, భయంగా ఉందండీ అని ఒక్కమాట చెప్పివుంటే ఇద్దరమూ కలిసి ఏడ్చేవాళ్ళం గదా! నేనే ఏమైనా తప్పు చేశానేమో అనుకున్నాను" అన్నారు. ఆ మాట మా గుండెల్లో గుచ్చుకున్నది. వ్యాధి మమ్మును ఆరడుగుల దూరంలో నిలిపింది. మా సిగ్గు అయిదు నెలల దూరంలో నిలిపింది.

మధ్యాహ్నము ఆమె వండిన అన్నము, ములక్కాడ పులుసు, మేము తెచ్చిన పూతరేకులు అరుగు మీదే తిన్నాము. ఎమ్మాయు దారిలో దుఃఖముతో నడిచిన ఆ ఇద్దరు శిష్యుల కన్నులు రొట్టె విరిచినప్పుడే తెరువబడ్డాయని లూకా వ్రాసిన సంగతి ఆ పూట మాకు కొత్తగా అర్థమైనది.

చావడిలో మాస్టారి సైకిలు స్టాండు వేసి ఉంది. టైర్లలో గాలి లేదు, సీటు మీద దుమ్ము. అమ్మాయి ఎవరూ చెప్పకుండానే దానిని తుడిచి, గొలుసుకు కొబ్బరి నూనె పెట్టి, గాలి కొట్టింది. రాత్రి మేము అరుగు మీద పడుకున్నాము. ఆదివారము ఉదయం అమ్మగారు, "ఆ సైకిలు గుడికి తీసుకురా తల్లీ" అన్నారు. అమ్మాయి దానిని నడిపించుకుంటూ వచ్చి, మాస్టారు ఎప్పుడూ ఆనించే వేపచెట్టుకే ఆనించింది. లోపలికి వెళుతున్న వారు ఒక్కొక్కరే అక్కడ ఆగారు. ఆయనకు జ్ఞాపకార్థ కూడిక కూడా జరగలేదట. ఆ రోజు కాపరిగారు ఆరాధనలో ఆయన కొరకు దేవునికి స్తోత్రము చెల్లించగా, ఎడంగా వేసిన బల్లల మీద కూర్చున్న సంఘమంతా కన్నీరు విడిచింది. ఆ సైకిలును ఇప్పుడు సండేస్కూలు చెప్పే యువకుడు వాడుతున్నాడు.

తిరిగి వచ్చేముందు లొల్ల లాకులు చూశాము. అక్కడ కాలువ చీలి కోనసీమకు పాయలుగా వెళుతుంది. కాలువ నిండా నీరున్నా, తలుపు ఎత్తకపోతే కింది చేనికి అందదు. మా ప్రేమ కూడా అంతే గదా అనుకుంటూ సైకిళ్ళు ఎక్కాము.

ఏప్రిల్, మే నెలల్లో రెండవసారి వ్యాధి మరింత తీవ్రముగా వచ్చి, మరల రాకపోకలు ఆగిపోయాయి. మేము మళ్ళీ వెళ్ళలేకపోయాము. కాని ప్రతి శనివారం సాయంత్రం ఫోను చేసి, అమ్మగారితో కలిసి ప్రార్థించాము. ఏమి చెప్పాలో తెలియని రోజున, ఏమి చెప్పాలో తెలియడం లేదనే చెప్పాము.

ప్రియమైన పాఠకులారా, ఆ కాలములో మీరు వెళ్ళలేకపోయిన ఇల్లు ఒకటి ఉండవచ్చు. ఏళ్ళు గడిచాయి, ఇప్పుడు ఏ ముఖముతో వెళ్ళగలమని మీరు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకున్నాము. అక్కడ మీ కొరకు ఎదురుచూసే వారు ఉన్నారు. ఈ శనివారమే బయలుదేరండి. ప్రభువు మీకు తోడైయుండును గాక!