ముందుకు పంపుటకు ముందు

మా బంధువర్గము కొన్ని తరములుగా నాలుగు రాష్ట్రములలో చెదరియున్నది. మేము ఒడిశాలోని బరంపురమున నున్నాము. జ్ఞాతులు కొందరు చెన్నపట్టణమునను, కొందరు బెంగుళూరునను, ఒక శాఖవారు షోలాపురమునను స్థిరపడిరి. మా పెద్దల కాలమున పెండ్లిండ్లకు, కర్మలకు తప్ప వీరందరు కలిసికొనుట లేదు. నేడు తెల్లవారకమునుపే వాట్సాప్‌లో కలిసికొనుచున్నాము. మా పిల్లలు ఒడియా బడిలో చదువుకొనుచున్నారు. తెలుగు చక్కగా మాటలాడుదురు గాని, అక్షరములను కూడబలుకుకొని చదువవలసినదే. మా యింట తెలుగక్షరము వారి కంటబడు చోట్లు రెండే: గోడకు వ్రేలాడు పంచాంగము, చేతిలోని ఫోను. పంచాంగము సంవత్సరమున కొకటి వచ్చును. ఫోనులో దినమునకు నూరు వచ్చును. అవి యెట్టివో చూచుకొనుట మాకు అవసరమైనది.

శుభోదయములను, వంటింటి వైద్యమును విడిచిపెట్టుదము. ఇటీవల పరిశోధన పేరిట వచ్చునవి పెరిగినవి. శాసనముల ఛాయాచిత్రములు, భాషల వంశవృక్షములు, గ్రహణముల చరిత్రలు. వీనిలో మేలైనవి కలవని మేము సంతోషముతో ఒప్పుకొందుము. కడప జిల్లా కలమళ్ళలోని రేనాటి చోళ శాసనము, సుమారు క్రీ.శ. 575 నాటిది, పూర్వము మావంటి గృహస్థుల కంటబడునా? మేము వీధి యరుగుమీద కూర్చుండి, ఆ రాతిమీది అక్షరములను వ్రేలితో పెద్దవి చేసి చూచితిమి. అంతవరకు భాగ్యమే. చిక్కంతయు చిత్రము క్రింద వ్రాసిపంపు వ్యాఖ్యలో నున్నది.

ఒక ఉదాహరణము. ‘హీలియమును మన గుంటూరులో కనుగొన్నారు’ అను వార్త ఏటేట ఆగస్టు నెలలో మాకు చేరును. ఇందు నిజము లేకపోలేదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని విభజించి అందలి ప్రకాశరేఖలను చూచెను. గ్రహణము లేనప్పుడును వానిని చూడవచ్చునని మరునాడే నిరూపించెను. ఇంగ్లండులో లాక్యర్ అనునతడు అక్టోబరు 20న గ్రహణముతో పని లేకయే ఆ రేఖలను చూచెను. ఇరువురి వార్తలును పారిస్ విజ్ఞాన పరిషత్తునకు ఒకే దినమున అందినవి. ఆ పసుపు రేఖ క్రొత్త ధాతువుదని యూహించి దానికి హీలియము పేరు ప్రచారమగునట్లు చేసినవాడు లాక్యర్. భూమిమీద దానిని పట్టి చూపినవాడు రామ్సే, 1895లో. ఇంతమంది శ్రమ మా ఫోనులో నాలుగు మాటలకు కుదించుకొనిపోయినది.

అసలు మాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది ఆ వార్తలో లేనేలేదు. చెన్నపట్టణపు వేధశాలాధిపతి పాగ్సన్ ఆ దినముననే మచిలీపట్టణమునుండి గ్రహణమును చూచి, పసుపు రేఖను తానును గుర్తించెను. ఆయన నివేదిక చెన్నపట్టణమున అచ్చయ్యెను గాని పదిమంది చేతులలోనికి పోలేదు. పేరును పోలేదు. ఆనాడు గుంటూరు, బందరు, మా గంజాము అన్నియు ఒకే చెన్నపట్టణపు రాజధానిలోనివి. పంచిపెట్టనందున మరుగుపడిన యీ కథను మాత్రము ఎవరును పంచిపెట్టుట లేదు!

భాషాచరిత్ర విషయమున నష్టము మాకు మరింత దగ్గరగా తగిలినది. 2018లో ద్రావిడ భాషలను గూర్చి యొక పరిశోధన లండను రాయల్ సొసైటీవారి పత్రికలలో నొకదానియందు వెలువడినది. ఇరువది భాషల పదములను గణితమార్గమున పోల్చి, ద్రావిడ భాషాకుటుంబము సుమారు 4,500 ఏండ్లనాటిదని అందు చెప్పిరి. మాకు చేరునప్పటికి అది ‘తెలుగు 4,500 ఏండ్లది’ అయినది. కుటుంబపు వయస్సును ఒక్క బిడ్డకు కట్టబెట్టిరి. మా చిన్నపిల్ల దానిని బడిలో గర్వముతో చెప్పగా, ఎక్కడ చదివితివని తోటివారడిగిరి. పిల్ల చెప్పలేకపోయినది. తరువాత కలమళ్ళ శాసనపు చిత్రమును చూపబోగా ‘నాయనమ్మా, ఇదియు అట్టిదేనా?’ అని ముఖము త్రిప్పుకొన్నది. ఆ ప్రశ్న మమ్ములను చాలదినములు బాధించినది. పొరుగుభాషల నడుమ పెరుగు బిడ్డకు తన భాషమీద నమ్మకము ఒకసారి సడలినచో, దానిని మరల నిలుపుటకు ఇక్కడ మనకు బడి లేదు, వీధియు లేదు.

వయస్సుల పందెముకన్న ఆ పరిశోధనలలో మనకు పనికివచ్చు సంగతి వేరొకటి కలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మొదలగువారు తేల్చిన వంశక్రమమున తెలుగు తోబుట్టువులు గోండి, కొండ, కూయి, కువి, పెంగో, మండ భాషలు. తమిళ కన్నడములు పినతండ్రి బిడ్డల వంటివి. తమిళమున ‘ఇరండు’, ‘ఉరల్’ అనునవి మనకు ‘రెండు’, ‘రోలు’ అయినవి. నడిమి రకారము మొదటికి దుమికినది. కూయిలోను రెండను సంఖ్య రకారముతోనే మొదలగును. కువివారు ఇంటిని ‘ఇల్లు’ అనియే యందురు. కూయి మాటలాడువారు మాకు దూరదేశీయులా? కంధమాల్ కొండలనుండి పసుపు తెచ్చి మా బజారున అమ్మువారే. మూడు తరములుగా వారితో బేరమాడితిమి గాని, వారి మాటలో మన మాట యున్నదని ఎవరును మాకు చెప్పలేదు. మేమును చెవి యొగ్గలేదు.

మా ప్రాంతముననే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవరభాష నేర్చి, 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. సవర మన వంశపు భాషయు కాదు, ముండా కుటుంబమునది. అయినను నేర్చిరి. (వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుడు మా యీ వాక్యములు చూచినచో నవ్వుకొనెడివారే.)

ఇప్పుడు మా బంధువుల సమూహమున ఒక కట్టుబాటు చేసికొంటిమి. ఎవరు చెప్పిరి, ఏ సంవత్సరమున, ఏ పుస్తకమున లేక పత్రికలో, అను మూడును లేని దానిని ముందుకు పంపరాదు. షోలాపురపు పెదనాన్నగారు దీనికి కోపగించి రెండు వారములు మౌనము వహించిరి. ‘ఇంటివారి మధ్య సాక్ష్యమేమిటి?’ అని వారి వాదము. మూడవ వారమున మౌనము విడిచి, తమ పెట్టెలోని తాతగారి దస్తావేజును ఫోటో తీసి పంపిరి. గంజాము ఇంకను చెన్నపట్టణపు పాలనలో నున్న దినములనాటిది, అనగా 1936కు పూర్వపుది, తెలుగున వ్రాసినది. సర్వే నంబరులను మాత్రము బొటనవ్రేలితో కప్పిరి, లౌక్యులు! చదువలేని పిల్లలకొరకు బెంగుళూరి పిన్నమ్మగారు దానిని పంక్తి పంక్తిగా చదివి వాయిస్ మెసేజిగా పంపిరి. ఎవరో వ్రాసిన పదిరెట్ల గొప్పకన్న, గొలుసుకట్టు వ్రాతలోని ఆ మాసిన కాగితమును పిల్లలు ఎక్కువసార్లు తెరచి చూచిరి.

మా చిన్నపిల్లయు మెత్తబడినది. క్రిందటి సంతలో పసుపమ్మునామెను అడిగి రెండు మాటలు వ్రాసికొని వచ్చినది. కంటిని ‘కను’ అందురట, ఇంటిని ‘ఇడు’ అందురట. అడిగిన దినమును, ఆమె యూరిపేరును క్రింద వ్రాసి సమూహమునకు పంపినది. చెన్నపట్టణపు మామయ్యగారు వెంటనే ‘మరి రోలును ఏమందురు?’ అని యడిగిరి. పిల్లకు తెలియదు. వచ్చు సంతనాడు అడిగి చెప్పెదనని బదులు వ్రాసినది, ఒడియా లిపిలో, తెలుగు మాటలతో.