తంగేడా, కసివిందా?

బిట్రగుంట స్టేషనులో దిగి బోగోలు వైపు నడిచినా, సముద్రం వైపు పల్లెలకు మళ్లినా, గట్ల మీద, బీళ్లలో పసుపుపచ్చని పూలు కనబడతాయి. అన్నిటినీ తంగేడనే అంటాం. ఈ రోజుల్లో షుగరుకు మంచిదని ఆ పూలు కోసి కాచుకొని త్రాగేవారున్నారు గనుక ఏది ఏదో ఎరిగి ఉండాలి.

తంగేడు ఈ నేల సొంత మొక్క. ఎండకు చావదు, పశువులు అంతగా ముట్టవు. దీని బెరడుతోనే మన పెద్దలు తోళ్లు పదును చేసేవారు. యొప్పేలో సముద్రపు దరిని పేతురుకు బస ఇచ్చిన సీమోనుదీ తోళ్ల పనే. ఆ పనిని చిన్నచూపు చూసేవారు అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చివర మరొకసారి చదవాలి! తెలంగాణ 2014లో దీనినే రాష్ట్ర పుష్పంగా ఎంచుకొంది.

కసివింద అలా కాదు. అమెరికా ఖండం నుండి వచ్చి, వానలు పడగానే ఇళ్ల మధ్యనే మొలుస్తుంది. పువ్వును చూస్తే పోల్చుకోలేరు, ఆకును చూడండి. తంగేడు ఆకు కాడ మొదట చెవివంటి చిన్న రేకు అంటుకొని ఉంటుంది, చిట్టి ఆకుల కొనలు మొద్దుగా ఉంటాయి. కసివిందకు ఆ చెవి నిలవదు, ఆకుల కొనలు సూదిగా ఉంటాయి, నలిపితే వెగటు వాసన. తంగేడు కాయ కాగితంలా పలుచన. కసివింద కాయ సన్నగా, కొంచెం వంపుతో ఉంటుంది.

ఆ కాయలతోనే భయం. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో పసిపిల్లలను పొట్టన పెట్టుకొన్న అంతుచిక్కని జబ్బుకు కసివింద గింజలు తినడమే కారణమని 2007లో వైద్యులు ప్రకటించారు. ఆటల్లో చిక్కుడు గింజలనుకొని నోట వేసుకొంటారు. ప్రార్థన మందిరం చుట్టూ, బడి గోడల ప్రక్కన ఉన్న కసివిందను కాయ పట్టకముందే వేళ్లతో పెరికివేయండి. తంగేడును మాత్రం ఉండనివ్వండి.