నాలుగు ఛానెళ్లు ఎందుకురా అబ్బాయ్!

మా మేనల్లుడు డీజే కంట్రోలర్ కొంటానని ఓ లింకు పంపాడు. నాలుగు ఛానెళ్లు, పళ్లెమంత జాగ్ వీల్స్, లక్ష దాటిన ధర. వాడికింకా రెండు పాటల బీట్ కలపడమే రాదు!

మొదలుపెట్టేవాడికి రెండు ఛానెళ్లు చాలు. పయనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 లాంటిదైతే ల్యాప్‌టాప్ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది, రికార్డ్‌బాక్స్, సెరాటో అనే డీజే సాఫ్ట్‌వేర్లు రెండింటితోనూ పనిచేస్తుంది. సింక్ బటన్ ఉందని మాత్రం సంబరపడొద్దు. పాటలో బీట్లు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకునే బీట్‌గ్రిడ్ తప్పుగా పడితే అదీ తప్పుగానే కలుపుతుంది. లైవ్ డప్పు రికార్డింగుల్లో ఇది మామూలే.

ఇంకా చవకలో చూసేవాళ్లు ఒక్కటి కనుక్కోండి: లోపల సౌండ్ కార్డు ఉందా? అది లేని కంట్రోలర్‌తో, విడిగా సౌండ్ కార్డో స్ప్లిటర్ కేబులో తగిలించకపోతే, స్పీకర్లలో ఒక పాట మోగుతుండగా హెడ్‌ఫోన్లో తర్వాతి పాట వినడం కుదరదు. ఇక మిక్సింగ్ ఏం చేస్తారు, నా మొహం!

పెళ్లిళ్లు ఒప్పుకునే స్థాయికొచ్చాక లెక్క వేరు. వెనకాల ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్లు ఉండాలి. ఆర్‌సీఏ వైరు ఫంక్షన్ హాలు పొడవునా లాగితే గుయ్‌మని హమ్ పడుతుంది. మైకుకి విడిగా వాల్యూమ్ నాబ్ తప్పనిసరి. మాంచి ఊపు మీదున్న పాట మధ్యలో పెళ్లికొడుకు బాబాయి వచ్చి మైకు లాక్కోవడం ఖాయం కదా.