మూత తీసిన డబ్బాలు

2021లో అమెరికాలో తూటాలకు కరువొచ్చింది. చేతిలో డబ్బున్నా దుకాణాల్లో అరలు ఖాళీ. టెక్సస్‌లో మా ఇంటి దగ్గరున్న రేంజిలో అప్పుడప్పుడు గురి చూసి కాల్చడం నాకు అలవాటు. గ్రీన్ కార్డు వచ్చాక పట్టుకున్న సరదా అది. వీసా మీద ఉన్నన్నాళ్లూ మామూలుగా తుపాకే కాదు, తూటా కూడా దగ్గర ఉంచుకోనివ్వదు ఇక్కడి చట్టం. కాల్చేసిన ఇత్తడి గుల్లల్ని ఏరుకొచ్చి, మళ్లీ నిప్పంటించే ప్రైమరు, తుపాకిమందు, గుండు పెట్టి ఇంట్లోనే తూటాలు చేసుకునేవాళ్లు ఈ దేశంలో చాలామంది. సొంత వాడకానికైతే ఫెడరల్ లైసెన్సు అడగరు. మన దేశంలోనైతే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. నేనీ పని మొదలుపెడుతున్నానని చెప్పినప్పుడు ప్రొద్దుటూరు నుంచి మా అమ్మ ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కొత్త సామాను దొరక్క పాతది వెతుక్కుంటూ వెళ్తే, డెంటన్ దాటాక ఒక పల్లెలో చూపు తగ్గి ఈ పని మానేసిన పెద్దాయన ఒకరు తగిలారు. గ్యారేజీలో చెక్క బల్లకు బిగించి ఉంది తూటాలు చేసే ఆకుపచ్చ రాక్ చకర్ ప్రెస్. పోత ఇనుము. ఆయన పిడి నా చేతికిచ్చి, పైకీ కిందికీ ఆడించి చూడమన్నాడు. గుల్లలకు రూపు దిద్దే డైలను ఒక్కొక్కటిగా విప్పి, లోపలికి టార్చి వేసి చూపించాడు. అక్కడ తుప్పు మచ్చ ఉంటే ప్రతి గుల్ల మీదా గీత పడుతుందట. ఒకదానిలో మచ్చ కనబడితే, నేను బేరమాడేలోపే తీసి చెత్తబుట్టలో వేశాడు. ఏ కంపెనీ డై అయినా చాలావరకు మర కొలత ఒకటే: 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 చుట్లు. ఎప్పుడో కొన్న డై నిన్న కొన్న ప్రెస్‌లో చక్కగా దిగుతుంది. ఇన్నేళ్లుగా ఇంతమంది పోటీదారులు ఒక మర మీద రాజీపడి ఉండటం నాకు ముచ్చటేసింది.

తరవాత నా కళ్లు అర మీదకు పోయాయి. సీలు తీయని మందు డబ్బాలు రెండు, ప్రైమర్ల పెట్టె ఒకటి ఇచ్చాడు. వాటి పక్కనే మూత తీసిన డబ్బాలు వరసగా ఉన్నాయి. వాటిని ముట్టుకోనివ్వలేదు. కింద ఇనప పెట్టెలో ఆయన చేసి పెట్టుకున్న తూటాలు వందల కొద్దీ ఉన్నాయి. అంత కరువులో వాటికెంతైనా ఇస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఏళ్ల తరబడి ఏ తుపాకికి ఎంత మందు పోశాడో రాసుకున్న నోటుబుక్కు తిరగేయనిచ్చాడు గానీ, ఫోటో తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “కొత్త మాన్యువల్ కొనుక్కో. అందులో చెప్పిన తక్కువ కొలత దగ్గర మొదలుపెట్టు” అన్నాడు.

తిరుగు దారిలో మనసు చివుక్కుమంది. పిసినారా? వాళ్లవాడినైతే ఇచ్చేవాడా? పరాయి దేశంలో ఎన్నాళ్లున్నా ఈ రెండో ప్రశ్న మనల్ని వదలదు. ఎవరు దేనికి కాదన్నా ముందు అదే లేచి కూర్చుంటుంది.

ఆయన ఇచ్చినవీ ఇవ్వనివీ మనసులో వేరు చేసి చూసుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. ఇనుము తన సంగతి తనే చెప్పుకుంటుంది. టార్చి వేస్తే చాలు, అమ్మేవాడి మాటతో పని లేదు. సీలున్న డబ్బాకు దాని చీటీయే సాక్ష్యం. మూత తీశాక మాత్రం లోపల ఉన్నది చీటీ మీద ఉన్నదేనని చెప్పడానికి ఆయన జ్ఞాపకం తప్ప వేరే ఆధారం లేదు. మందుల్లో నిదానంగా మండేవి వేరు, భగ్గున మండేవి వేరు. చూపుకి మాత్రం చాలావరకు అన్నీ నల్లటి పలుకులే. చేసిన తూటా ఇంకా మూగది. .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా పుట్టింది 1898లో, నల్ల తుపాకిమందు కొలతకు. అందుకే దాని గుల్లలో చోటెక్కువ. ఈ కాలం మందు అందులో కొంత భాగమే నింపుతుంది. పరధ్యానంలో రెండోసారి పోసినా పైకి పొర్లకపోవచ్చు. గుండు బిగించాక చూడటానికి అన్నీ ఒకలాగే ఉంటాయి, తేడా తెలిసేది చేతిలో తుపాకి పేలిపోయినప్పుడే. తన మాట మీద నేను నమ్మాల్సి వచ్చేది ఒక్కటీ ఆయన నా చేతికివ్వలేదు. అనుమానించింది నన్ను కాదు, తననే. లేదా నేనిలా సర్దిచెప్పుకుంటున్నానేమో. ఆయన కారణం చెప్పలేదు, నేను అడగలేదు.

త్రాసు అమ్మేటప్పుడు కూడా, సరిచూసుకోవడానికి తూకం రాళ్లు విడిగా కొనుక్కోమన్నాడు. ఇక్కడ కొలత గ్రెయిన్లలో. పౌనుకు 7000 గ్రెయిన్లు, ఒక్కో గ్రెయిన్లో పదో వంతును కూడా లెక్క చేస్తారు. మా ఊళ్లో కంసాలి తూచే ముందు ఫ్యాను ఆపించేవాడు, నేనూ అలాగే ఏసీ ఆపుకుని కూర్చుంటాను. రాళ్లు వేసి చూస్తే ఆ త్రాసు అణువంత కూడా తప్పు చూపలేదు. ఆయన దాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకున్నాడో అప్పుడు తెలిసింది. అంతటి మనిషి కూడా తన తూకాన్ని నన్ను నమ్మమనలేదు.

ఆ నోటుబుక్కు సంగతి మాత్రం ఇంకా తెగలేదు. అందులోని అంకెలు అబద్ధాలు కావు. ఆ తుపాకికి, ఆనాటి మందుకు, ఆ గుల్లలకు అవి నిజమే. మనం పెరిగిన ఇళ్లలో పెద్దవాళ్లు అనుభవం మీద చెప్పినదాన్ని మళ్లీ తూచి చూడటం మర్యాద కాదు. పెద్దలమయ్యాక మనమూ అదే మర్యాద ఆశిస్తాం. ఇక్కడికి ముందొచ్చిన మనం, వెనక వచ్చేవాళ్లకు ఏ కోర్సు చదవాలో, ఏ ఉద్యోగం పట్టాలో, ఎన్నేళ్లు ఓపిక పట్టాలో ఎంత ధీమాగా చెబుతాం! ఎప్పటి లెక్కలవి?

ఈమధ్య మా అన్న కొడుకు ఫోన్ చేసి, ఎమ్మెస్‌కి రమ్మంటావా చిన్నాయనా అనడిగాడు. నేను వచ్చిన ఏడాది, అప్పుడున్న ఫీజులు, నాకు గ్రీన్ కార్డు ఎలా వచ్చిందీ చెప్పాను. “అది సరే, ఇప్పుడు రావచ్చా?” అన్నాడు. నిరుడు వచ్చిన ఇద్దరు పిల్లల నంబర్లు ఇచ్చాను. నేను తప్పించుకుంటున్నానని వాడు అనుకున్నట్టున్నాడు, పండక్కి కూడా ఫోన్ చేయలేదు.